ఉప్పుకు లొంగని బూజు

శుక్రవారం, ఆళ్లగడ్డ

మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టుకని పెంచుతున్న, తిండి వైపు మెల్లగా పాకే పసుపు రంగు జిగురు బూజును (స్లైమ్ మోల్డ్) రేపు నంద్యాలలో చూపించాలి. ఇంట్లో బూజు అరిష్టమంటూ అత్త పొద్దున ఇంటికి దిష్టి తీసి, ఆ ఉప్పును బూజున్న గాజు పళ్లెంలో ఒక పక్కన చల్లేసింది. అంతా పోయిందని పిల్ల ఏడ్చింది. సాయంత్రం చూస్తే బూజు చావలేదు. ఉప్పుకు దూరంగా తిరిగి, అవతల దానికి మేతగా వేసిన ఓట్స్ వైపు పాకింది.

"యాడన్నా పారేయమ్మే! లచ్చిందేవి ఇంట్లో నిలవదు," అంది అత్త.

"ఈడనే ఉంటాది అత్తా. కండ్లు లేకున్నా ఏది మంచిదో తెలిసేట్టు దేవుడే చేసినాడు దాన్ని."

ఇన్నేళ్లలో నేను ఆమెకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. అత్త అన్నం తినకుండా పడుకుంది. పడుకోనీ. పళ్లెం దేవుడి గదిలో పెట్టి గొళ్లెం వేశాను. రేపు బస్సులో అది నా ఒళ్లోనే ఉంటుంది.