బోర్లా ఉన్న ముక్క

బావగారికి నమస్కారం.

మీరూ అక్కయ్యగారూ శనివారం మాసికానికి హేస్‌లోని మీ ఇంటి నుంచి వస్తామన్నారు. వచ్చాక డైనింగ్ టేబుల్ మాత్రం సర్దకండి.

నలుగురిలో నోరు విప్పలేని నాకు, పేక పంచి, ఆటలో పడిపోయిన ముక్కలు లెక్కపెట్టడం నేర్పింది మీ చెల్లెలే. "తల ఎత్తండి, లెక్కంతా మీ మొహంలోనే కనపడుతోంది" అనేది.

నిన్న బ్లాక్‌జాక్ పేకాటలో నేను ముక్కలు లెక్కపెడుతున్నానని పసిగట్టిన క్యాసినో మేనేజరు, "మీరు మాకంటే బాగా ఆడుతున్నారు, ఇక బ్లాక్‌జాక్ ఆడొద్దు" అన్నాడు. ఆ మాట తనకి చెబుదామని ఇంటికి పరుగెత్తాను. తలుపు తీశాక గానీ తను లేదని గుర్తురాలేదు.

ఛాతీలో నొప్పంటూ తను మధ్యలో లేచిన ఆట టేబుల్ మీద అలాగే ఉంది. తన ముక్క ఒకటి బోర్లా ఉంది. లెక్క ప్రకారం గెలుపు నాదే. కానీ అది తిప్పితే ఆట అయిపోతుంది, బావగారూ.