మల్బరీ తోటలో సిగరెట్టు మొలకలు

సుగటూరు

మేనకోడలు మధురకు పిల్లప్ప మామ దీవెనలు. ఈడ అందరం బాగుండాము, మీ అత్త తప్ప. ఆమె పోయి రెండేండ్లయినా ఊరకుండేది లేదు.

ఫోన్లో అయితే కోడలు వీణ వింటాది, అందుకే కాగితం. ‘ఇంగ సిగరెట్టు ముట్టను’ అని మీ అత్త తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసినాను కదా. వేసినాక కూడా దొంగచాటుగా తాగినాను. తాగగా మిగిలిన కొనలన్నీ మల్బరీ తోటలో పూడ్చినాను. దూదే కదా, ఎరువైపోతాది అనుకున్నా. ఇప్పుడు వాన పడితే చాలు, ఒక్కొక్కటే తల ఎత్తి నన్ను చూస్తా ఉండాయి. నా దొంగ ఒట్టుకే ఆమె పోయింది తల్లీ. అన్నం దిగడం లేదు. ఆమె పోయిన దినం నుంచి ముట్టలేదంటే మీ అత్త నమ్మడం లేదు, తవ్వి తవ్వి చూపిస్తా ఉండాది. సైన్సు టీచరువి, ఏమైనా చెప్పు.

ఇట్లు,
పిల్లప్ప

తా.క.: చదివి చించెయ్. నువ్వు కూడా పూడ్చొద్దు.

ఊరిగాం

మామకు నమస్కారాలు.

పాపం, అత్తయ్య ఏమీ చేయడం లేదు. మీరు దూది అనుకున్నది ఒక రకం ప్లాస్టిక్కు దారం. పైకాగితం కుళ్లిపోతుంది, లోపలిది ఏళ్లకేళ్లు ఉంటుంది. ఆ తర్వాత కూడా కంటికి ఆనని పోగులై మట్టిలోనే ఉండిపోతుంది. అందులోని విషం నేలకు దిగుతుంది. వానకు మట్టి కొట్టుకుపోయి బయటపడుతున్నాయి, అంతే. అన్నీ ఏరి చెత్తబండికి ఇవ్వండి. అక్కడి ఆకు పట్టుపురుగులకు వేయకండి.

మీ మధుర

తా.క.: అత్తయ్య గుండెజబ్బుతో పోయింది. డాక్టరు చెప్పినప్పుడు పక్కన నేనూ ఉన్నాను.

సుగటూరు

అమ్మా మధురా,

ప్లాస్టిక్కు సంగతి మీ అత్తకు ఎవరు చెప్తారు? మంత్రాలేసే అంజినప్పను పిలిపించి నిమ్మకాయలు కోయించినా. ఏరేకొద్దీ వస్తానే ఉండాయి. నిన్న ఆమె కనకాంబరాల మడిలో కూడా లేచినాయి! ఆ మడిలో నేను కాలే పెట్టలేదు. అవి నేను తాగే రకమూ కాదు, సన్నవి.

భయంతో,
పిల్లప్ప

తా.క.: ఒకటి కవర్లో పెట్టినా. చూసినాక చేతులు కడుక్కో.

ఊరిగాం

మామా,

అత్తయ్యకు ఎప్పుడూ తోడుగా ఉండేది పక్కింటి చిక్కమ్మే కదా అని, ఆమెకు ఫోను చేసి గట్టిగా అడిగాను. ఏడ్చేసింది. “మీ మామ పట్టుగూళ్లు అమ్మేకి పోయినప్పుడల్లా అక్కా నేనూ ఆ మడికాడ కూచోని చెరొకటి తాగి ఆడే పూడుస్తా ఉంటిమి. ఇంగ మానేస్తానని అక్క ఏటేటా మీ మామ తలమీద ఒట్టేస్తా ఉండె,” అంది.

దొంగ ఒట్టుకు మనిషి పోయేటట్టయితే మీరు ఎప్పుడో పోవాలి మామా. ఉన్నారు కదా! ఆమె కూడా మీవల్ల పోలేదు. అన్నం తినండి.

మీ మధుర

సుగటూరు

తల్లీ,

చదివి ఏడ్చినా, మళ్లీ నవ్వినా. ఎంత దొంగది మీ అత్త! ముప్పై ఏండ్లు నా జేబులు వెతికింది. రెండు ముద్దలు తిని కంటినిండా నిద్రపోయినా. తోటంతా ఏరి బండికి ఇచ్చేసినాము. చిక్కమ్మ ముళబాగిలులో కూతురింటికి పోయి వారమాయ.

మనసు తేలికైన మామ,
పిల్లప్ప

తా.క.: ఈ పొద్దున పూలమడిలో ఇంకొకటి కనపడె, సన్నది. ఏరదామని పట్టుకుంటే వేలు చుర్రుమన్నాది, నిప్పు ఇంకా ఆరలేదు. ఆడే పెట్టేసి వచ్చినానమ్మా. మీ అత్తను తాగనీ.