వద్దన్న మనిషి

జూన్ 6, 1975. శుక్రవారం. దుఖాన్ క్యాంప్, అరబ్బు దేశం.
సెలవు. వంట వంతు నాది. గదిలో అందరికీ పప్పు, వంకాయ కూర చేశాను. ఒక్కరూ కంచం తేలేదు. యాదగిరి గుమ్మంలో ఆగి — "కంపెనీ మనిషి వండింది మాకొద్దు." ఊళ్లో నన్ను అన్నా అని తప్ప పిలవనివాడు! కూర గిన్నె నిండుగా అలాగే ఉంది.

జూన్ 7.
నేనన్నదేమిటి? అందరూ పని ఆపుదామంటే ఆపొద్దన్నాను, అంతే. చమురు ధర పెరిగిందట, పైపులైను తొందరట, మిట్టమధ్యాహ్నం కూడా డ్యూటీ. ఎండకు మా గది పోచయ్య పడిపోయాడు. నా కడుపు మండలేదా? కానీ పోయినేడు పక్క క్యాంప్‌లో పని ఆపినవాళ్లను కట్టుబట్టలతో ఇంటికి విమానం ఎక్కించారు. అదే చెప్పబోయాను. కేకలు వేసి కూర్చోబెట్టారు.

జూన్ 9.
సర్వే పని. కొలకర్ర పట్టుకోవడం నా వంతు, అద్దంలోంచి చూడడం కోస్టాస్ వంతు. ఏథెన్స్ వాడు. వచ్చీరాని హిందీ. నా మొహం చూసి "క్యా హువా?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు, దొంగ! తర్వాత వాళ్ల ఊరి పాతకాలపు సేనాని కథ ఎత్తుకున్నాడు. పేరు నాకు నోరు తిరగలేదు. పక్క రాజ్యం మాసిడోనియాతో యుద్ధం వద్దు, మనం నిలవలేం అని సభలో మొత్తుకునేవాడట. అమ్ముడుపోయాడన్నారట. తీరా యుద్ధం వస్తే, సేన ముందు నడవమని మళ్లీ అతన్నే అడిగేవారట.
పోయేవాడా అన్నాను.
పోయేవాడు అన్నాడు.

జూన్ 10.
రొట్టె, ఉల్లిగడ్డ. ఒక్కణ్ణే. గది నిండా మనుషులే... పలికేవాడు లేడు. ఈ దేశంలో దిగిన మొదటి రోజు కూడా ఇంత ఒంటరిగా లేను.

జూన్ 11.
ఆ సేనాని చివరికి ఏమయ్యాడని కోస్టాస్‌ను అడిగాను. ఏథెన్స్ ఓడింది. శత్రువుతో కలిశాడని సొంతవాళ్లే అతనికి విషం తాగించారు. తర్వాత తప్పు తెలుసుకుని విగ్రహం పెట్టారట. విగ్రహం ఏం చేసుకుంటాడు, పాపం.

జూన్ 13. శుక్రవారం.
మళ్లీ నా వంతు. పంతానికి మళ్లీ అందరికీ వండాను. యాదగిరి వచ్చాడు, కంచంతో.
"అన్నా, రేపు డ్యూటీకి పోతలేం. మేనేజర్‌తోని నువ్వే మాట్లాడాలె."
"నేను వద్దన్నోణ్ణి గదరా."
"అందుకే. నువ్వు జెప్తే ఇంటడు."
అన్నం పెట్టాను. తిన్నాడు. ముందు మాట్లాడినవాణ్ణే ముందు విమానం ఎక్కిస్తారని వాడికీ తెలుసు. తల ఎత్తలేదు.

జూన్ 14.
తెల్లారింది. విమానం ఎక్కిస్తే కట్టుబట్టలే కదా... పెట్టెలోంచి కొత్త చొక్కా తీసి తొడుక్కున్నాను. బయట అందరూ వరసగా నిలబడ్డారు. ముందు ఒక మనిషికి చోటు వదిలారు.