మేకు గీరింది కాదు

కోడలమ్మా, పని నుంచి రాగానే పెద్దాసుపత్రికి వచ్చెయ్యి. పాపను బడి నుంచి నేనే తీసుకెళ్తున్నాను. కుక్కపిల్ల పొద్దున చచ్చిపోయింది. పెరట్లో గోనె కింద ఉంది, ముట్టుకోకు.

నా చేతికి మేకు గీరిందని నీతో అన్నది అబద్ధం. అది కరిచింది. బొడ్డు చుట్టూ సూదులు పొడుస్తారని భయపడి నోరు మూసుకున్నాను. నిన్న పాప మోకాలి దెబ్బను అదే నాకింది. చూసి కూడా చెప్పలేదు.

మందుల షాపాయన తిట్టాడు. "బొడ్డు సూదులు ఎప్పుడో పోయాయి తాతా, ఇప్పుడు భుజానికే. సబ్బుతో బాగా కడిగి పరుగెత్తు" అన్నాడు. నా చెయ్యి కడుక్కున్నాను. పాప మోకాలు బడి కొళాయి కింద కడుగుతాను.

స్నానాల గదిలో సబ్బు వెతక్కు, నా జేబులో ఉంది.

నన్ను ఎంతైనా తిట్టు. పాప ముందు మాత్రం వద్దమ్మా.