ఎల్లవ్వ కుర్చీ

పవిత్ర గురువారం, మందమర్రి

ఇంత భక్తి ఉన్న ఇంట్లో ఇంత రోత మాటలు ఎట్ల పుడతయి? పెండ్లయినప్పటి నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది.

ఏసు తన శిష్యుల కాళ్లు కడిగిన గుర్తుగ, సాయంత్రం పూజలో ఫాదర్ పన్నెండు మంది కాళ్లు కడిగి ముద్దు పెట్టాలె. గుడి ఊడ్చే ఎల్లవ్వను ఈసారి ఆయనే ఎంచుకున్నరు. పొద్దటి నుంచి ఆమెకు ఒకటే సంబురం. మా ఆయన అన్న, గుడి పెద్దయిన మా బావ ఆమెను గుడి వాకిట్లనే ఆపిండు.

"కాళ్లు చూసుకున్నవా ఎల్లవ్వా? అన్నీ పగుళ్లే. ఫాదర్ వంగి ముద్దు పెట్టాలె గద, జర ఆలోచించు."

ఆమె చీరంచు పాదాల మీదికి లాక్కొని వెనుక పోయి కూసున్నది. ఆమెకు జ్వరమని ఫాదర్‌కు చెప్పి, కాళ్లు కడిగేటందుకు ఆమెకు వేసిన కుర్చీల బావే కూసున్నడు. ఇంట్ల సబ్బుతో రుద్ది, కొబ్బరినూనె రాసుకొచ్చిన కాళ్లు! అంటే ముందే అనుకున్నడు. ఫాదర్ ఆ పాదాలను ముద్దు పెట్టుకుంటుంటే నేను వెనుకకు తిరిగి ఎల్లవ్వ దిక్కు చూసిన.

ఇంటికొచ్చినంక బిడ్డ అన్నది: "అమ్మా, రేపు గుడ్ ఫ్రైడే పూజల సిలువకు ముద్దు పెట్టేటందుకు నేను రాను. పెదనాన్న పట్టుకునే సిలువ నాకొద్దు."

"సిలువ ఆయనది కాదే."

"కుర్చీ గూడ ఆయనది కాదు గద?"

రేపు దాన్ని బలవంతంగ తీసుకపోవాల్నో, దానితోపాటు నేనూ ఇంట్లనే ఉండాల్నో నాకు ఇంకా తెలుస్తలేదు.