గొంతు లేని నెలలో విన్న పాటలు

ఫిబ్రవరి 10, 1986. సోమవారం

గుంటూరు, బ్రాడీపేట. గొంతులో కాయలట. "నెల రోజులు నోరు విప్పొద్దమ్మా. పాట సంగతి తర్వాత చూద్దాం" — డాక్టరమ్మ గారు. మా చర్చి క్వయర్‌లో పన్నెండేళ్ళుగా సొప్రానో, అంటే పై స్వరం, నేనే. ఈస్టరు పాట ఎప్పుడూ నాదే. తల ఊపాను… ఇంకేం చెయ్యను.

సత్తెనపల్లి బస్సుకి ఇంకా గంట. ఎదురుగా క్యాసెట్ల షాపు, లోపల ఎవరో ఆడమనిషి పాడుతోంది. తెలియని భాషలా ఉంది, ఇంగ్లీషే. కాళ్ళు కదల్లేదు. షాపతనికి చీటీ రాసిచ్చాను — మాట్లాడకూడదు, ఆ పాట ఏమిటి? అతను చదివి, తనూ పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు! నా చెవులు బాగానే ఉన్నాయని రాద్దామనుకున్నాను. రాయలేదు.

ఫిబ్రవరి 11

బడికి సెలవు పెట్టాను, నోరు లేకుండా పాఠాలేం చెప్తాను. క్యాసెట్టుతో పాటు అతనిచ్చిన చీటీ మళ్ళీ చదివాను. "దీన్ని సోల్ అంటారండి. అమెరికాలో నల్లవాళ్ళ చర్చిల్లోంచి వచ్చింది. మా అన్నయ్య ఓడలో వంటవాడు, రేవు రేవునా రికార్డులు కొంటాడు. ముందు ఈ ఆల్బమ్ వినండి. మాటలు వదిలెయ్యండి, ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో చూడండి. — ప్రభుదాసు."

పొద్దుటి నుంచి వింటున్నాను. ఎక్కడా దొరకదు ఆ ఊపిరి.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను. నేను లేకుండానే క్వయర్ బాగా పాడింది. అదే బాధ.

ఫిబ్రవరి 19

మిరప కల్లం. అమ్మా, ఇంకో నలుగురూ తాలుకాయలు ఏరుతున్నారు. టేప్ రికార్డర్ గట్టు మీద పెట్టాను.

"ఏమే సుగుణా, ఈవిడ మన మనిషిలాగే ఉందే. ఏ ఊరంట?" అంది పక్కావిడ.

చేత్తో దూరం చూపించాను.

"అద్దంకి అవతలా?"

తల ఊపాను. అందరూ నమ్మారు. ఎర్రటి కాయల మీద ఆ గొంతు… ఎండ కూడా ఆగి వింటున్నట్టు. కునుకు పట్టింది.

ఫిబ్రవరి 22, శనివారం

షాపులో రెండో చీటీ: "ఇది ఫంక్. ఇందులో పాట వెనక, బేస్ గిటార్ ముందు. కూర్చుని వినలేరు."

ఫిబ్రవరి 23

కూర్చుని వినలేకపోయాను. తలుపు గడియ వేసుకున్నాను.

మార్చి 1, శనివారం

మూడోది. "హిప్‌హాప్. గుంటూర్లో ఇంకెవరూ అడగరు. వీళ్ళు పాడరండి, తాళం మీద మాట్లాడతారు. పాడలేనివాళ్ళకీ దారి ఉందని ఇస్తున్నాను."

పాడలేనని ఈయనకెవరు చెప్పారు? చీటీ, క్యాసెట్టూ బల్ల మీదే పెట్టేసి వచ్చాను.

మార్చి 4

కోపం కాదు. భయం.

మార్చి 10, సోమవారం

"ఏదీ, ఆ అనమ్మా" అన్నారు డాక్టరమ్మ గారు. అన్నాను. నా గొంతు కాదది — కిందెక్కడో, బావిలోంచి వచ్చినట్టు. "కాయలు తగ్గాయి. పై స్వరం మీద మాత్రం ఆశ పెట్టుకోకు."

తిన్నగా షాపుకే నడిచాను. ప్రభుదాసు గారు అలవాటుగా కాగితం తీశారు.

"కాగితం వద్దండీ."

పెన్ను అలాగే పట్టుకుని నిలబడిపోయారు. "ఇంకోసారి అనండి" అన్నారు. అన్నాను. నవ్వలేదు, జాలీ పడలేదు. నేను వదిలేసిన క్యాసెట్ సొరుగులోంచి తీశారు. "ఆ రోజు అలా రాయకుండా ఉండాల్సిందండి."

"తప్పేం రాయలేదు" అన్నాను. తెచ్చుకున్నాను.

మార్చి 16, ఆదివారం

ఈస్టరు పాట మేరీకి ఇచ్చారు. దానికి పదిహేడేళ్ళు, గొంతు గాజులా ఉంటుంది. నన్ను కింది స్వరం వాళ్ళతో, ఆల్టోలో నిలబడమన్నారు.

"బాధపడతన్నావా సుగుణా?" — పాస్టరు అయ్యగారు.

"లేదయ్యగారూ."

సగం అబద్ధం.

మార్చి 19

కల్లంలోకి హిప్‌హాప్ తీసుకెళ్ళాను. బ్యాటరీలు అయిపోయి మధ్యలో ఆగింది. అమ్మ మాత్రం ఆపలేదు, ఆ దెబ్బ పట్టుకుని బుట్ట మీద కొడుతోంది. పక్కావిడ చేట అందుకుంది. నాకు తెలియకుండానే కీర్తన మాటలు ఆ తాళం మీద అంటున్నాను… అంటూ అంటూ పాటలోకి జారిపోయాను. కింది స్వరం. అక్కడ ఇంత చోటుందని తెలియదు. దగ్గొచ్చి ఆపాను.

"ఆపావేంటే? పాడు" అంది అమ్మ, కాయల్లోంచి తలెత్తకుండా.

మళ్ళీ పాడాను. కళ్ళు తెరిచేసరికి గట్టు మీద అయ్యగారు, సైకిల్ దిగకుండా, ఒక కాలు నేల మీద ఆనించి. ఎండలో పాట చివరిదాకా ఉన్నారు. బుట్టలు ఆగాయి.

ఒకసారి తల ఊపారు. సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయారు.

రేపు క్వయర్ ప్రాక్టీసు. ఈ కింది స్వరంతోనే వెళ్తాను…