అడగకుండానే చెరిపేసింది

1999 ఆగస్టు, మంగళవారం

ఈరోజు నా పక్క సీటు సరోజ మూడు వారాలు కూర్చుని రాసిన మాన్యువల్ మొత్తం నా చేతులతో చెరిపేశాను.

పోయిన వారం ఆఫీసు కంప్యూటర్లలో విండోస్ తీసేసి యూనిక్స్ పెట్టారు, మా పాత ఫైళ్లన్నీ అందులోకి మార్చారు. దాంట్లో బొమ్మలు లేవు, నల్లటి తెర మీద అన్నీ టైపు చేయాల్సిందే. మా ఇద్దరికీ ఒకటే లాగిన్ ఇచ్చారు. నా పాత ఫైళ్లు తీసేద్దామని, కమాండ్లు రాసిచ్చిన కాగితం చూసుకుంటూ, తీసెయ్ అనడానికి ఆర్‌ఎం అని కొట్టి, అన్నీ అనడానికి పక్కన స్టార్ గుర్తు పెట్టాను. అప్పుడు నేనున్నది సరోజ ఫోల్డర్లోనని తెలియలేదు. విండోస్ అయితే నిజంగా తీసేయాలా అని అడిగేది. ఇది ఒక్క మాట కూడా అడగలేదు.

సిస్టమ్స్ చూసే యాదగిరిని పిలిచాను.

"దీంట్ల చెత్తబుట్ట ఉండదు మేడం. పోయిందంటే పోయినట్టే. కాపీ తీసే టేపు గూడ ఇంక రాలే. జర చూసి కొట్టాలె గదా," అన్నాడు, మెల్లగానే.

చూసే కొట్టాను. పదిహేనేళ్లు టైపు మిషను మీద పనిచేసిన దాన్ని, చూడకుండా కొట్టను. చూసినా అర్థం కావడం లేదని ఎవరికి చెప్పుకోను?

సాయంత్రం సరోజ ఫోన్ చేసింది. వాళ్లమ్మను దవాఖానలో చేర్చి నాలుగు రోజులుగా సెలవులో ఉంది.

"అక్కా, అమ్మకు నెమ్మదించింది, రేపొస్త. నా మాన్యువల్ జర ప్రింట్ తీసి పెట్టవా? పొద్దుగాలనే సార్‌కు ఇయ్యాలె."

చెప్పేద్దామనే నోరు తెరిచాను. వెనక నుంచి వాళ్లమ్మ దగ్గు వినబడింది.

"అలాగే సరోజా," అన్నాను.